మేజర్ గారి జంట పిస్తోళ్లు

చిప్పలో మందు భగ్గుమంది. గుండు మాత్రం పేలలేదు.

1775 ఏప్రిల్ 19. ఇంకా తెల్లారలేదు. మసాచుసెట్స్‌లో లెక్సింగ్టన్ అనే ఊరికి పోయే మట్టిబాట. బ్రిటిష్ దళానికి ముందు నడుస్తున్న ఇద్దరు లెఫ్టినెంట్ల మీదికి చీకట్లోంచి ఎవడో మస్కెట్ గురిపెట్టి మీట నొక్కాడు. చెకుముకి రాయి ఉక్కుపలకని గీరింది. రవ్వలు రాలాయి. చిప్పలో పోసిన చిటికెడు మందు అంటుకుంది. ఆ మంట పక్కనున్న సన్నటి బెజ్జంలోంచి గొట్టంలోకి పాకితేనే గుండు బయటికొస్తుంది. పాకలేదు. బతికిపోయిన లెఫ్టినెంట్లిద్దరూ వెనక్కి తిరిగారు. సంగతి మేజర్‌కి చెప్పాలి.

మేజర్ జాన్ పిట్‌కెయిర్న్ గుర్రం మీద ఉన్నాడు. యాభై రెండేళ్ల మనిషి. స్కాట్లాండ్‌లో ఫైఫ్ తీరాన డైసార్ట్ అనే రేవు ఊరు ఆయనది. మెరైన్ల అధికారి. వెనక ఆరు తేలికదళం కంపెనీలు. జీనుకి అటూ ఇటూ తోలు ఒరలు. ఆ ఒరల్లో ఉన్నాయని అమెరికా తరతరాలుగా చెప్పుకుంటున్న జంట పిస్తోళ్లే ఈ గాథకి మూలం. లెఫ్టినెంట్లు చెప్పింది మేజర్ విన్నాడు. కదలండి, కానీ హుకుం లేకుండా ఒక్కడు కూడా తుపాకి పేల్చడానికి వీల్లేదు అన్నాడు. మస్కెట్లలో అప్పటికే మందు కూరి ఉంది.

సిపాయిలకి ఆ రాత్రి నిద్ర లేదు. రాత్రి పది దాటాక బోస్టన్‌లో పడవలెక్కిన దాదాపు ఏడు వందల మంది, చార్లెస్ నదికి అవతలి ఒడ్డున బురదలో మోకాలిలోతు నీళ్లలోకి దిగి, నానిన బూట్లతో, వెన్నెల్లో చలికి వణుకుతూ, ఎక్కడికి పోతున్నామో ఎందుకు పోతున్నామో తెలియక, పడవల్లోంచి తిండి సామాను దిగేదాకా అర్ధరాత్రి దాటి రెండు గంటలయ్యేంతవరకూ నిలబడే ఉండి, అప్పుడు కదిలారు. పోయేది కాంకర్డ్‌కి. అక్కడ తిరుగుబాటుదార్లు ఫిరంగులూ మందుగుండూ దాచారని బోస్టన్‌లోని బ్రిటిష్ సేనాధిపతి జనరల్ గేజ్‌కి కబురొచ్చింది. రహస్యంగా పోయి, పట్టుకుని, తగలబెట్టి రావాలి. కానీ వీళ్లు పడవెక్కే వేళకే బోస్టన్ చర్చి గోపురం మీద హెచ్చరికగా రెండు లాంతర్లు వెలిగి ఆరిపోయాయి. పాల్ రివీర్ అనే కంసాలి గుర్రమెక్కి ఊళ్లు లేపుకుంటూ పోయాడు. దళం బాట పట్టేసరికి దూరాన ఒక గంట మోగింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఎక్కడో తుపాకి.

దళాధిపతి లెఫ్టినెంట్ కర్నల్ ఫ్రాన్సిస్ స్మిత్‌కి విషయం అర్థమైంది. బోస్టన్‌కి మనిషిని పంపాడు, ఇంకా సైన్యం కావాలని. కాంకర్డ్ అవతలి వంతెనలు ముందే పట్టుకోమని పిట్‌కెయిర్న్‌ని తేలికదళంతో ముందుకి తరిమాడు. తను గ్రెనేడియర్ కంపెనీలతో వెనక వస్తున్నాడు. ఈ ఏర్పాటు గుర్తుంచుకోండి, చివర్లో పని పడుతుంది. దారిలో రివీర్‌ని పట్టుకున్న అధికారులు ఎదురొచ్చి, లెక్సింగ్టన్‌లో అయిదు వందల మంది కాచుక్కూర్చున్నారట అని చెప్పారు. ఆ అంకె రివీర్ వేసిన ఎత్తు. ముందర డప్పు మోగడం మొదలైంది.

ఊరి మైదానంలో నిలబడింది డెబ్బై చిల్లర మంది. రైతులు. తండ్రీ కొడుకులు, అన్నదమ్ములు, బావమరదులు. అర్ధరాత్రి ఒకసారి కూడి, చలికి తట్టుకోలేక పక్కనున్న బక్‌మన్ సత్రంలోకి కొందరు, ఇళ్లకి కొందరు పోయి, డప్పు విని మళ్లీ పరుగెత్తుకొచ్చారు. వాళ్ల కెప్టెన్ జాన్ పార్కర్‌కి క్షయ. అప్పటికే సగం మనిషి. అతని బంధువు జోనస్ పార్కర్ టోపీ తీసి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. అందులో గుళ్లు పోశాడు. పారిపోయేది లేదని ముందే చెప్పాడు. అన్న మాట మీద నిలబడతాడో లేదో తేలడానికి ఇంకెంతో సేపు లేదు.

బ్రిటిష్ సిపాయిల ఎర్రకోట్లు ప్రార్థనామందిరం పక్కనుంచి మైదానంలోకి ఉరికాయి. కేకలు. హుర్రా అని అరుపులు. పిట్‌కెయిర్న్ గుర్రం మీద మందిరానికి ఎడమవైపు నుంచి దూసుకొచ్చాడు. ఆయుధాలు కింద పెట్టండి, చెదిరిపోండి అని గద్దించాడు. పార్కర్ తనవాళ్లని చెదిరిపొమ్మన్నాడు. కొందరు వెనుదిరిగారు, కొందరికి వినపడలేదు, తుపాకి మాత్రం ఒక్కడూ కింద పెట్టలేదు. సిపాయిలు అరుస్తున్నారు, అధికారులు అరుస్తున్నారు, గుర్రాలు సకిలిస్తున్నాయి, ఎవరి మాట ఎవరికీ అందడం లేదు. అప్పుడు పేలింది ఒక్కటి.

ఎవరిది?

అడిగే వ్యవధి ఎవరికీ లేదు. సిపాయిలు హుకుం కోసం ఆగలేదు. ఒక వరస పేల్చింది. పొగ కమ్మింది. పిట్‌కెయిర్న్ కత్తి కిందికి దించి ఆపండి ఆపండి అని సైగ చేస్తూనే ఉన్నాడు. గుర్రానికి రెండు చోట్ల దెబ్బ తగిలింది. జోనస్ పార్కర్ ఒకసారి పేల్చి, గాయపడి మోకాళ్ల మీద కూలి, టోపీలోంచి ఇంకో గుండు తీసి మందు కూరుతుండగా బాయ్‌నెట్ దిగింది. పొగ విడేసరికి ఊరివాళ్లు ఎనిమిది మంది పోయారు, పది మందికి గాయాలు. బ్రిటిష్ వైపు ఒక సిపాయికి దెబ్బ, మేజర్ గుర్రానికి రెండు. స్మిత్ వెనకనుంచి వచ్చి డప్పు కొట్టిస్తే తప్ప సిపాయిలు వరసలోకి రాలేదు. మైదానం మీద మందు వాసన ఇంకా పోకముందే ఆ మొదటి పేలుడికి ఆసామిని వెతకడం మొదలైంది.

నాలుగైదు రోజుల్లో ఊరివాళ్ల చేత ప్రమాణం చేయించి వాంగ్మూలాలు రాయించారు. ఒక సాక్షి మాట స్పష్టంగా ఉంది: ముగ్గురు అధికారులు గుర్రాల మీద ముందుకొచ్చారు, మొదటివాడు కత్తి మూడుసార్లు ఝళిపించాడు, వెనకున్న రెండోవాడు పిస్తోలు పేల్చాడు. మస్కెట్ కాదు. పిస్తోలు. పిట్‌కెయిర్న్ గేజ్‌కి ఏప్రిల్ 26న రాసిన నివేదిక దీనికి పూర్తిగా ఎదురు. గోడ దూకి పారిపోతున్నవాళ్లే నాలుగైదు గుళ్లు పేల్చారని, తన మనుషులు హుకుం లేకుండా కాల్చారని అందులో ఉంది. బోస్టన్‌లో శత్రువులు కూడా ఆయన్ని అబద్ధమాడే మనిషి అనుకోలేదు. అలాగని మెత్తనివాడూ కాదు. అంతకు నెలన్నర ముందే, రెండు మూడు ఊళ్లు తగలబెడితే వీళ్లు దారికొస్తారని లండన్‌కి ఉత్తరం రాశాడు. ఆయన మాట నిజమా, సాక్షి మాట నిజమా అన్నది తేలలేదు. కానీ ‘పిస్తోలు’ అన్న మాట ఒకటి గాల్లోకి లేచింది. దానికి చేతికి దొరికే వస్తువొకటి కావలసొచ్చింది.

ఆ వస్తువు పుట్టింది సముద్రానికి అవతల. స్కాట్లాండ్‌లో డూన్. కొండల నుంచి పశువుల మందలు మైదానపు సంతలకి దిగే దారిలో ఉన్న ఊరు. 1646లో థామస్ కాడెల్ అనే కమ్మరి అక్కడ కొలిమి పెట్టాడు. విద్య కొడుకులకీ శిష్యులకీ పాకింది. పందొమ్మిదో శతాబ్దం మొదలవబోయే వేళకి మిగిలింది జాన్ మర్డోక్. డూన్ పిస్తోలుని చేతిలోకి తీసుకుంటే ముందు తెలిసేది చల్లదనం. కర్ర ఎక్కడా లేదు. గొట్టం లోహం, మొండెం లోహం, పిడి లోహం. పిడి చివర పొట్టేలు కొమ్ముల్లా రెండుగా చీలి లోపలికి మెలి తిరుగుతుంది. ఆ కొమ్ముల మధ్య చిన్న బొడిపె. తిప్పి లాగితే సన్నటి సూది బయటికొస్తుంది, మసి పూడుకున్న బెజ్జం పొడుచుకోవడానికి. మీట కొనకి గుండ్రటి గుబ్బ. దాని చుట్టూ రక్షణ కమ్మీ లేదు, వేలు తగిలితే చాలు. పక్కన నడుం పట్టీకి తగిలించుకునే కొక్కెం. ఒళ్లంతా తీగ నగిషీ, అక్కడక్కడా పొదిగిన వెండి. జత నాలుగు గినీల నుంచి ఇరవై నాలుగు గినీల దాకా పలికేది. ఇంత సొగసు చేసుకున్నదాని బతుకు మాత్రం ఒక్క గుండు. పేలిస్తే అయిపోయింది. కొండవాడు దాన్ని పేల్చి పారేసి కత్తి దూసేవాడు.

1746లో కలోడెన్ మైదానంలో స్టువర్ట్ వంశం పక్షాన పోరాడిన కొండజాతుల సేన నలిగిపోయింది. ఆ ఏడే ప్రభుత్వం కొండవాళ్ల ఆయుధాల మీదా వేషం మీదా కొరడా ఝళిపించింది. రాజుగారి సైన్యంలో చేరినవాడికి మాత్రం మినహాయింపు. బ్రిటిష్ కాల్బలంలో మామూలు సిపాయి నడుముకి పిస్తోలు వేలాడింది హైలాండ్ రెజిమెంట్లలోనే. వాటికి డూన్ పనితనం ఎవరిస్తారు? బర్మింగ్‌హామ్‌లో ఐజాక్ బిసెల్ లాంటివాళ్లు చవగ్గా పోతపోసి, రెజిమెంట్ అక్షరాలు చెక్కి పంపేవాళ్లు. మర్డోక్ జత కొనగలిగేది డబ్బున్న అధికారే. తన వంశచిహ్నం వెండి మీద చెక్కించుకునేదీ అతనే. ఆ చెక్కడమే ఈ కథని చివర్లో అడ్డం తిప్పుతుంది.

కాంకర్డ్‌లో పెద్దగా ఏమీ దొరకలేదు. ముందే తరలించేశారు. ఊరి బయట నార్త్ బ్రిడ్జి దగ్గర ఊరిదళాలు ఈసారి హుకుం మీదే కాల్చాయి. ఎర్రకోట్లు వెనక్కి తగ్గాయి. మధ్యాహ్నం వేళకి స్మిత్ తిరుగుదారి పట్టాడు. బోస్టన్ ముప్ఫై కిలోమీటర్ల దూరం. ఆ ముప్ఫై కిలోమీటర్ల పొడవునా రాతిగోడలున్నాయి.

గోడ వెనక ఒకడు లేస్తాడు. పేలుస్తాడు. కూర్చుంటాడు. ఇంకో చెట్టు వెనక ఇంకొకడు. ఊరూరి నుంచీ వచ్చి చేరుతున్నారు. పొద్దున ఎనిమిది మందిని పోగొట్టుకున్న కెప్టెన్ పార్కర్ కూడా మిగిలిన తనవాళ్లని కూడగట్టుకుని, ఊరి పొలిమేరలో గుట్ట మీద కాచుకున్నాడు. స్మిత్ కాలికి గుండు తగిలింది. నిద్ర లేక, నీళ్లు లేక, సంచుల్లో గుళ్లు అయిపోయి, మోస్తున్న గాయపడినవాళ్లని దారి పక్కన దించేస్తూ, వరస తప్పి, చివరికి పరుగే నడకైపోయిన ఆ మంద ముందుకి అధికారులు కొందరు ఎదురుపోయి నిలబడి, ఇక అడుగేస్తే పొడిచేస్తామని తమ సిపాయిల మీదే బాయ్‌నెట్లు గురిపెట్టాల్సొచ్చింది. ఫిస్క్ హిల్ అనే గుట్ట ఎదురైంది. అక్కడే ఏదో జరిగింది.

చెప్పుకునే కథ ఇది. గుట్ట దగ్గర పిట్‌కెయిర్న్ గుర్రం మీదే ఉన్నాడు. చెదిరినవాళ్లని కూడగడుతున్నాడు. కట్టెల గుట్ట వెనకనో గోడ వెనకనో వరసగా తుపాకులు పేలాయి. గుర్రం బెదిరింది. ముందు కాళ్లు లేపింది. మేజర్ నేల మీద పడ్డాడు. జీను ఖాళీ అయింది. గుర్రం రాతిగోడ దూకి సూటిగా శత్రువుల్లోకి పరుగెత్తింది. దాని మెడ పక్కన ఒరలు కొట్టుకుంటున్నాయి. ఒక్కో ఒరలో ఒక్కో డూన్ పిస్తోలు.

మేజర్ లేచి నడిచాడు. లెక్సింగ్టన్‌లో బోస్టన్ నుంచి వచ్చిన లార్డ్ పెర్సీ తాజా దళంతో, రెండు ఫిరంగులతో ఎదురుండకపోతే ఆ నడక కూడా మిగిలేది కాదు. సాయంత్రం చీకటి పడ్డాక చార్ల్స్‌టౌన్ చేరి లెక్క చూసుకుంటే బ్రిటిష్ వైపు 73 మంది చనిపోయారు, 174 మందికి గాయాలు, 26 మంది జాడ లేదు. ఆ లెక్కలో రెండు పిస్తోళ్లు ఎవరికి గుర్తుంటాయి?

కాంకర్డ్ వాళ్లకి గుర్తున్నాయి. గుర్రాన్నీ దాని మీది సామానునీ ఊళ్లో వేలం వేశారట. పిస్తోళ్ల జతని కెప్టెన్ నేథన్ బారెట్ పాడుకున్నాడట. జార్జి వాషింగ్టన్‌కి కానుకగా ఇవ్వబోతే ఆయన వద్దన్నాడని, అప్పుడు జనరల్ ఇజ్రాయెల్ పుట్నమ్‌కి ఇచ్చాడని ఊరి మాట. పుట్నమ్ పుచ్చుకున్నాడు. కనెక్టికట్ రైతు, మొరటు మనిషి, మెడ వంచని యోధుడు. యుద్ధమంతా ఆ జత అతని దగ్గరే ఉందంటారు. శత్రువు పిస్తోలు మన జీనులో ఉండటం ఏ సైనికుడికి చేదు?

జూన్ 17. చార్ల్స్‌టౌన్ గుట్ట. బంకర్ హిల్ యుద్ధం అని పేరు పడింది. ఎండ మండుతోంది. పైన మట్టికోట, దాని చుట్టూ సేనని అదిలిస్తూ గుర్రం మీద పుట్నమ్. కింద మూడోసారి గుట్టెక్కుతున్న ఎర్రకోట్లలో మెరైన్లతో పిట్‌కెయిర్న్. ఆయన పిస్తోళ్లు పైన పుట్నమ్ నడుముకే ఉన్నాయని రాస్తే సన్నివేశం అదిరిపోతుంది. రాయకూడదు. వాషింగ్టన్ ఆ ప్రాంతానికి వచ్చిందే జులై 2న. వేలం కథ నిజమైతే పుట్నమ్ చేతికి పిస్తోళ్లు ఆ తర్వాతే వచ్చుండాలి. గుట్ట మీద మాత్రం ఎవరి పిస్తోలూ కాదు, మస్కెట్ గుండ్లే మేజర్‌ని పడగొట్టాయి.

ఆయన కొడుకు ఒకడు అదే దళంలో లెఫ్టినెంట్. తండ్రిని ఎత్తుకుని పడవ దాకా మోశాడు. బట్టలంతా నెత్తురు. గేజ్ వైద్యుణ్ని పంపాడు. దక్కలేదు. ఇంకో కొడుకు రాబర్ట్ నౌకాదళంలో మిడ్‌షిప్‌మన్. 1767లో పసిఫిక్ మహాసముద్రంలో ఒక దీవిని ముందుగా చూసింది ఆ కుర్రవాడే. పిట్‌కెయిర్న్ దీవి అని దానికి వాడి పేరే పెట్టారు. తర్వాత వాడెక్కిన ఓడ సముద్రంలో జాడ లేకుండా పోయింది. తండ్రిని బోస్టన్‌లో చర్చి కింది నేలమాళిగలో పెట్టారు. ఏ చర్చి? ఏప్రిల్ రాత్రి ఆయన దళం కదిలిందని రెండు లాంతర్లు వెలిగించారే, ఆ గోపురం కిందే.

పిస్తోళ్లు బతికాయి. పుట్నమ్ వారసుల ఇంట్లో తరాలు గడిచాయి. మనవడి భార్య చేతి మీదుగా లెక్సింగ్టన్‌కి తిరిగొచ్చాయి. ఊరి చరిత్ర సంఘం వాటిని చాలాకాలం హాంకాక్-క్లార్క్ ఇంట్లో చూపించింది. ఆ రాత్రి రివీర్ వచ్చి తలుపు తట్టిన ఇల్లే అది. తిరుగుబాటు నాయకులు జాన్ హాంకాక్, శామ్యూల్ ఆడమ్స్ అప్పుడు లోపల నిద్రపోతున్నారు. అమెరికా యుద్ధంలో తొలి గుండు ఈ పిస్తోళ్లలో ఒకదాని నుంచే వెలువడిందని నమ్మినవాళ్లకి కొదవ లేదు. పుస్తకాల్లోకీ ఎక్కింది. మర్డోక్ పేరు లాక్ మీద ఉంది. మేజర్ పేరు జనం నోట ఉంది. ఇంకా ఏం కావాలి?

చిహ్నం కావాలి. పిస్తోలు మీద వెండిలో చెక్కిన వంశచిహ్నాన్ని ఎవరో తీరిగ్గా చదివారు. అది పిట్‌కెయిర్న్ వంశానిది కాదు. క్రాస్బీ వంశపు గుర్తుతో సరిపోతోందని తేల్చారు. ఆ పేరున్న అధికారి ఆ రోజు ఆ బాట మీద ఉన్నాడా అని వెతికితే ఒకడు దొరికాడు. కెప్టెన్ విలియం క్రాస్బీ, 38వ రెజిమెంట్. ఆ గందరగోళంలో ఎవరి సామాను ఎవరికి చిక్కిందో లెక్క పెట్టినవాడు లేడు. వేలంపాటలో మేజర్ గారివి అంటే పలికే ధర ఎవరో కెప్టెన్‌వి అంటే పలకదు కూడా.

క్రాస్బీ నడిపింది గ్రెనేడియర్ కంపెనీని. లెక్సింగ్టన్ మైదానంలో ఆ మొదటి తుపాకి పేలినప్పుడు గ్రెనేడియర్లు అక్కడ లేరు. స్మిత్‌తో కలిసి వెనక బాట మీద ఇంకా నడుస్తున్నారు.